కేంద్రకానికి నీలం అద్దే పని

తార్నాక చౌరస్తా చుట్టుపక్కల ప్రయోగశాలలు ఒకదాని పక్కన ఒకటిగా ఉంటాయి. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం, దాని పొరుగునే 1958లో కూనూర్ నుంచి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, ఉప్పల్ రోడ్డు పట్టుకుంటే రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీ, హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ. ఐఐసీటీ పాతపేరు ఆర్‌ఆర్‌ఎల్. 1977లో దాని బయోకెమిస్ట్రీ విభాగం నుంచే జీవశాస్త్రవేత్త పుష్ప మిత్ర భార్గవ సీసీఎంబీని నిలబెట్టారు. ఈ చుట్టుపక్కల ఏ జీవశాస్త్ర విభాగం కారిడార్లో నడిచినా గోడల మీది పోస్టర్లలో ఒక రకం బొమ్మ తప్పకుండా కనిపిస్తుంది. నల్లని నేల, దాని మీద నీలి గుండ్రాలు, వాటి చుట్టూ ఎర్రగానో పచ్చగానో మరేదో. చూసేవాళ్ల కళ్లు ఎరుపు మీదికీ ఆకుపచ్చ మీదికీ పోతాయి, ఎందుకంటే ఆ విద్యార్థి చెప్పదలచుకున్న సంగతి అక్కడుంటుంది. నీలం మాత్రం బొమ్మ బొమ్మలోనూ ఉంటుంది. దాని గురించి ఎవరూ ఒక్క మాటా రాయరు. పోస్టర్ అడుగున చిన్నక్షరాల్లో ‘నీలం: డాపి’ అని ఉంటుంది, అంతే.

ఆ నీలం సరిగ్గా రావడానికి ఎంత చేతిపని పడుతుందో దగ్గరుండి చూసినవాళ్లకు ఆ చిన్నక్షరాలు సరిపోవనిపిస్తుంది. అంతకన్నా నన్ను పట్టి ఉంచినది ఇంకొకటి. ఈ పనిలో చేతిని కాపాడే జాగ్రత్తా, బొమ్మను బాగుచేసే నేర్పూ దాదాపు ప్రతి మెట్టులోనూ ఒకటే. ‘సేఫ్టీ’ అని గోడకు అతికించిన కాగితం వేరు, పని వేరు అనుకునే ల్యాబుల్లో రెండూ పాడవుతాయి.

ముందు ఆ నీలం ఇచ్చే రసాయనం సంగతి. డాపి 1971లో జర్మనీలో ఒట్టో డాన్ ప్రయోగశాలలో తయారైంది. వాళ్లు వెతికింది రంగు కోసం కాదు, ట్రిపనోసోమా అనే పరాన్నజీవిని చంపే మందు కోసం. మన పశువైద్యులకు ఈ జాతి పరిచయమే. జోరీగలు కుట్టడం వల్ల గుర్రాలకు, గేదెలకు వచ్చే సర్రా జబ్బుకు కారణం ఆ ట్రిపనోసోమాయే, దానికి వేసే బెరెనిల్ సూదిమందు రసాయన నిర్మాణంలో డాపికి దగ్గరి బంధువు. రెండింటి కొసల్లోనూ అమిడిన్ గుంపులుంటాయి, రెండూ డీఎన్‌ఏ మెలికలోని సన్న గాడిలో, అడినిన్, థైమిన్ జంటలు ఎక్కువున్న చోట ఇరుక్కుంటాయి. డాపి మందుగా పనికిరాలేదు. కానీ డీఎన్‌ఏకు గట్టిగా పట్టుకుంటుందనీ, పట్టుకున్నాక వెలుగు పెరుగుతుందనీ గమనించి, 1975లో ఈస్ట్ మైటోకాండ్రియా డీఎన్‌ఏను గుర్తించడానికి వాడారు. అక్కణ్ణుంచి ఇంక వెనక్కి చూడలేదు. దీని జోడీ రంగు హోక్‌స్ట్ 33342. ఆ అంకె హోక్‌స్ట్ కంపెనీ తాను తయారుచేసిన పదార్థాలకు వరసగా ఇచ్చుకున్న నంబరు, అంటే ముప్పైమూడు వేల మూడువందల నలభై రెండోది.

డాపి అందం ఎక్కడుందంటే, నీళ్లలో విడిగా ఉన్నప్పుడు చాలా కొద్దిగా వెలుగుతుంది. డీఎన్‌ఏలో ఇరుక్కోగానే ఆ వెలుగు సుమారు 20 రెట్లు పెరుగుతుంది. 358 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని తీసుకుని 461 దగ్గర నీలాన్ని ఇస్తుంది. అందుకే స్లయిడ్ అంతా రంగు పరుచుకున్నా కనిపించేది కేంద్రకమే. పాతకాలపు హెమటాక్సిలిన్ లాగా రంగు వేసి, ఎక్కువైనది ఆమ్లంతో కడిగి, మళ్లీ క్షారంలో ముంచే తతంగం లేదు. తనకు కావలసిన చోటు వెతుక్కుని అక్కడే వెలిగే ఈ గుణం చూస్తే రసాయనానికి కూడా పనితనం ఉంటుందని ఒప్పుకోవలసి వస్తుంది.

ప్రమాదం కూడా సరిగ్గా ఆ గుణంలోనే ఉంది. డీఎన్‌ఏను వెతుక్కుని పట్టుకునేది పెట్రీ డిష్‌లోని కణం డీఎన్‌ఏకీ, పిపెట్ పట్టుకున్న వేలి డీఎన్‌ఏకీ తేడా చూడదు. హోక్‌స్ట్ 33342 బతికున్న కణం పొరను దాటి లోపలికి పోతుంది, అందుకే దాన్ని సజీవ కణాల మీద వాడతారు. బతికున్న కణంలోకి పోయేది మన చర్మంలోని కణంలోకి పోదనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. ప్రొపిడియం అయొడైడ్ అనే ఇంకో రంగు చచ్చిన కణంలోకి తప్ప పోదు, దానితో చచ్చినవీ బతికినవీ లెక్కపెడతారు. అయినా అది ఎథిడియం కుటుంబంలోనిది. ఎథిడియం బ్రోమైడ్ సంగతి ల్యాబుల్లో అందరికీ తెలుసు. కాలేయపు ఎంజైములు కలిపి చేసిన ఏమ్స్ (Ames) పరీక్షలో అది బ్యాక్టీరియా జన్యువులను మార్చిందని 1970లలోనే తేలింది. డాపి మీద అంత చరిత్ర పేరుకోలేదు. పేరుకోలేదు కాబట్టి నిర్భయంగా ఉండొచ్చని కాదు. తెలిసినవాళ్లు దాన్ని కూడా ఎథిడియంకు ఇచ్చే మర్యాదతోనే ముట్టుకుంటారు.

ఇప్పుడు చేయి చూద్దాం. డాపి పసుపు రంగు పొడిగా, ముదురు గాజు సీసాలో 10 మిల్లీగ్రాములు వస్తుంది. కొత్తగా చేరిన విద్యార్థి చేసే మొదటి పని సీసా మూత తీసి, బట్టర్ పేపర్ మీద పొడి వేసి, తూకం వేయడం. చేయి తిరిగినవాళ్లు తూకం జోలికే పోరు. సీసాను ఒకసారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు, మూతకు అంటిన పొడి అడుక్కు దిగుతుంది. ఆ తర్వాత మూత మెల్లగా తెరిచి, సీసాలోకే 2 మిల్లీలీటర్ల శుద్ధజలం పోస్తారు. మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల మూలద్రావణం అక్కడికక్కడే తయారు. పొడి గాల్లోకి లేవలేదు, బ్యాలెన్స్ మీద పడలేదు, పక్కవాడి ముక్కులోకి పోలేదు. పైగా తూకంలో పోయే పొడి పోలేదు కాబట్టి లెక్క కూడా కచ్చితం. ఫాస్ఫేట్ బఫర్ పోస్తే ఈ పొడి సరిగ్గా కరగదు, అందుకే నీళ్లు. ఈ చిన్న సంగతి తెలియక గడ్డకట్టిన డాపితో మచ్చల మచ్చల స్లయిడ్లు తీసే బ్యాచ్ ప్రతి ఏడూ ఒకటుంటుంది. ద్రావణాన్ని చిన్న చిన్న ట్యూబుల్లో పంచి, అల్యూమినియం ఫాయిల్ చుట్టి, మైనస్ 20లో పెడతారు. పెద్ద సీసా ఒకటే పెట్టుకుని రోజూ తీసి కరిగిస్తే మందు పాడవుతుంది, చేతికి అంటే అవకాశమూ రోజూ ఉంటుంది.

తర్వాత పలచన చేయడం. పని జరగడానికి మిల్లీలీటరుకు 0.1 నుంచి 1 మైక్రోగ్రాము చాలు. తొందరపడేవాళ్లు ఎక్కువ వేస్తే ఎక్కువ వెలుగొస్తుందని పది రెట్లు వేస్తారు. వెలుగు పెరిగేది కేంద్రకంలో కాదు, కేంద్రకం బయట. కణద్రవ్యమంతా నీలిరంగు పొగ కమ్మి, కేంద్రకం అంచు మసకబారుతుంది. తక్కువ రంగు వాడిన స్లయిడ్‌లో అంచు పదునుగా ఉంటుంది, పారబోయవలసిన విషమూ తక్కువే. మొదట చెప్పిన మాటకు ఇంతకన్నా సూటి రుజువు నాకు దొరకలేదు.

గ్లవ్స్ నైట్రైల్‌వి. అవి ఉన్నంతమాత్రాన చేయి కాపాడబడదు. సైబర్ గ్రీన్ లాంటి రంగులను కలిపే డీఎంఎస్ఓ ద్రావకం పలచని గ్లవ్ గుండా దారి చేసుకుని తనతోపాటు రంగును కూడా లోపలికి తీసుకుపోగలదు. కాబట్టి చుక్క పడగానే గ్లవ్ మార్చాల్సిందే. ఇంకో అలవాటు చూడముచ్చటగా ఉంటుంది. మంచి ల్యాబుల్లో సీనియర్లు ఒక చేతికి గ్లవ్, ఇంకో చెయ్యి ఉత్తది పెట్టుకుని నడుస్తారు. గ్లవ్ చేతిలో ట్రే, ఉత్త చేతితో తలుపు. “తమ్ముడూ, ఆ గ్లవ్ తీసి తలుపు ముట్టుకో” అని ఒక అక్క కోప్పడకుండా చెప్పే మాట పది పేజీల మాన్యువల్ కన్నా బాగా నాటుకుంటుంది. తలుపు పిడికి అంటిన రంగు సాయంత్రం ఎవరి టిఫిన్ డబ్బా దాకా పోతుందో ఆ అక్కకు తెలుసు.

ఇక మౌంటింగ్ మీడియం. రంగు వేసిన కణాల మీద ఒక చుక్క వేసి, పైన కవర్‌స్లిప్ అనే పలచని గాజు మూసే చిక్కని ద్రవం. ఎక్కువమంది దీన్ని జిగురు అనుకుంటారు. అది చేసే పనులు మూడు. మొదటిది, కాంతి చెదరకుండా చూడడం. గాజు వక్రీభవన గుణకం 1.52, నీటిది 1.33, గ్లిసరాల్‌ది 1.47. మధ్యలో నీళ్లుంటే కాంతి గాజు నుంచి నీళ్లలోకి, నీళ్లలోంచి గాజులోకి మారేటప్పుడు వంకర తిరిగి బొమ్మ చెదురుతుంది. గాజుకు దగ్గరి ద్రవం ఉంటే చెదరదు. రెండోది, ఎండిపోకుండా ఆపడం. మూడోది అన్నిటికన్నా సూక్ష్మం. వెలిగే రంగు అణువు కాంతి తాగి ఉద్రిక్తంగా ఉన్న క్షణంలో ఆక్సిజన్ తగిలితే, పుట్టే చురుకు అణువులు రంగును విరిచేస్తాయి. మనం చూస్తుండగానే బొమ్మ వెలిసిపోతుంది. ఆ చురుకు అణువులను మధ్యలో పట్టేసుకునే పదార్థం మీడియంలో కలుపుతారు.

ఏది కలపాలన్నది ఒక నిర్ణయం, ఇందులో పనివాడి విచక్షణ కనిపిస్తుంది. 1981లో చెప్పిన పారాఫెనిలిన్‌డయమీన్, పీపీడీ, రంగును బాగా నిలబెడుతుంది. మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము, తొంభై శాతం గ్లిసరాల్‌లో, క్షార గుణం ఉండేట్టు. కానీ ఇది మన బాత్రూం అరల్లో ఉన్న తలరంగులోని మందే. నల్లగా పండడానికి కొందరు మెహందీలో కలిపేదీ ఇదే. చర్మానికి ఒకసారి పడకపోతే ఆ ఎలర్జీ జీవితాంతం వెంట ఉంటుంది, ఆ తర్వాత పీపీడీ ఉన్న తలరంగు కూడా వేసుకోలేరు. రోజూ పీపీడీ ముట్టుకునే పరిశోధకులకు ఆ ముప్పు తలరంగు వేసుకునేవాళ్లకన్నా తక్కువేమీ కాదు. పైగా సై2 లాంటి కొన్ని రంగులను ఇది పాడుచేస్తుంది. దీనికి బదులు డాబ్కో అనే పదార్థం ఉంది, కాస్త తక్కువ కాపాడుతుంది గాని పీపీడీ అంత చేటు కాదు. 1982లో వచ్చిన ప్రొపైల్ గాలేట్ కూడా పీపీడీకన్నా సౌమ్యమే. నూనెలు కమురు వాసన కొట్టకుండా ఆహార పరిశ్రమలో కలిపే పదార్థమే ఇది. ఫొటో ఆ రోజే తీసేస్తాం అనుకుంటే సౌమ్యమైనదే చాలు. నాకు నచ్చిన పనివాళ్లు ముందు ‘ఈ స్లయిడ్ ఎన్నాళ్లుండాలి’ అని అడిగి, ఆ తర్వాతే సీసా తీస్తారు. పీపీడీ తీసినప్పుడు దాని రంగు చూస్తారు. లేతగా ఉంటే పని, గోధుమరంగుకు తిరిగితే పారేయడమే. ఆక్సిజన్ తిని గోధుమరంగు తిరిగినది ఇక రంగును కాపాడదు, దానంతటదే వెలిగి బొమ్మను మసక చేస్తుంది కూడా.

కంపెనీల మీడియం ఖరీదెక్కువ. గ్రాంటు సన్నగా ఉన్న విశ్వవిద్యాలయ విభాగాల్లో సొంతంగా కలుపుకుంటారు. మోవియోల్ అనే పాలీవినైల్ ఆల్కహాల్ పొడి 2.4 గ్రాములు, గ్లిసరాల్ 6 గ్రాములు, నీళ్లు 6 మిల్లీలీటర్లు కొన్ని గంటలు కలిపి, పీహెచ్ 8.5 ట్రిస్ బఫర్ 12 మిల్లీలీటర్లు పోసి, 50 డిగ్రీల దగ్గర కరిగించి, కరగని ముద్దలను సెంట్రిఫ్యూజ్‌లో అడుక్కు దింపి, పై తేట తీసుకుంటారు. అందులో డాబ్కో. ఇది రాత్రంతా ఉంచితే గట్టిపడుతుంది. హైదరాబాద్‌లో వానాకాలం దీనికి శత్రువు. గాలిలో తేమ ఎక్కువుంటే త్వరగా ఆరదు, ఉత్త గ్లిసరాల్ స్లయిడ్ అయితే అంచుల్లోంచి తేమ పీల్చుకుని పలచబడుతుంది. అందుకే జూలై, ఆగస్టుల్లో స్లయిడ్లు సిలికాజెల్ పెట్టిన డబ్బాలో ఆరబెట్టేవాళ్లకు మంచి పేరుంటుంది. కొన్ని మీడియంలలో బూజు పట్టకుండా సోడియం అజైడ్ కలిపి ఉంటుంది. దాన్ని సింకులో పోయకూడదు. రాగి, సీసం పైపుల్లో అది లోహపు అజైడ్‌గా పేరుకుంటే, ఏళ్ల తర్వాత ప్లంబర్ పైపు విప్పినప్పుడు పేలే ప్రమాదం ఉంది. స్లయిడ్ చేసిన మనిషి అప్పటికి అమెరికాలో పోస్ట్‌డాక్‌గా ఉండొచ్చు.

కవర్‌స్లిప్ మూసే క్షణం ఈ మొత్తం పనిలో నాకు ఎక్కువ ఇష్టం. 22 మిల్లీమీటర్ల చదరపు గాజుకు 10 నుంచి 15 మైక్రోలీటర్లు చాలు. ఆ గాజు మందం 0.17 మిల్లీమీటర్లు ఉండాలి, ఎందుకంటే మంచి ఆబ్జెక్టివ్‌ల ఒంటి మీద ఆ అంకె చెక్కి ఉంటుంది, లెన్సును ఆ మందానికే తయారుచేశారు. గాజును ఒక అంచు ముందు ఆనించి, ఫోర్సెప్స్‌తో పట్టుకుని, పుస్తకం అట్ట మూసినట్టు నెమ్మదిగా వాలుస్తారు. ద్రవం ముందుకు పాకుతూ గాలిని తోసుకుంటూ పోతుంది, బుడగ మిగలదు. తొందరపడి నిలువుగా వదిలితే బుడగలు, బుడగలను తీయడానికి గాజును నొక్కితే కణాలు చితికిపోతాయి, ఎక్కువైన ద్రవం అంచు దాటి గ్లవ్ మీదికి కారుతుంది. ఎక్కువైనదాన్ని టిష్యూ అంచుతో పీలుస్తారు, తుడవరు. ఆ తర్వాత సీలు. రంగులేని నెయిల్ పాలిష్, ఫ్యాన్సీ స్టోర్‌లో దొరికేదే. ముందు నాలుగు మూలలా ఒక్కో చుక్క, అవి పట్టాక అంచులు. ఇలా చేస్తే గాజు జరగదు. దాని ద్రావకం త్వరగా అంటుకునేది, కాబట్టి బన్సెన్ బర్నర్ ఉన్న బల్ల మీద కాదు. ఆకుపచ్చ ప్రొటీన్ జీఎఫ్‌పీ ఉన్న స్లయిడ్‌లలోకి ఆ ద్రావకం ఇంకితే వెలుగు చస్తుంది. అక్కడ గట్టిపడే మీడియం వాడి పాలిష్ మానేస్తారు. ఆరకముందే మైక్రోస్కోప్ కిందికి పోతే లక్షల ఖరీదైన లెన్సుకు పాలిష్ అంటుతుంది.

మైక్రోస్కోప్ గదిలో ఒక నియమం వినిపిస్తుంది: “డాపి ఆఖర్న చూడు.” కొత్తవాళ్లకు విచిత్రంగా ఉంటుంది, ఎందుకంటే నీలమే అందరికన్నా తేలిగ్గా కనిపించి ఫోకస్ దొరికిస్తుంది. కారణం ఉంది. అతినీలలోహిత కాంతి కింద కొంత డాపి రూపం మార్చుకుని, తర్వాత నీలి కాంతికో ఆకుపచ్చ కాంతికో కూడా వెలగడం మొదలుపెడుతుంది. ముందు నీలం చూసి తర్వాత ఆకుపచ్చ ఫొటో తీస్తే, కేంద్రకంలో లేని ప్రొటీన్ ఉన్నట్టు కనిపిస్తుంది. అతినీలలోహిత కాంతి మిగతా రంగులనూ వెలిసిపోయేలా చేస్తుంది. ఆ కాంతి కంటికీ చేటే, మైక్రోస్కోప్‌కు ఉండే కాషాయ రంగు షీల్డు అందుకే. దాన్ని అడ్డమని తీసేసేవాళ్లను ఆపాలి. ఇక పాత మైక్రోస్కోపుల్లో 100 వాట్ల పాదరసం దీపాలుంటాయి. సుమారు 200 గంటలకు మార్చాలి, లోపల ఒత్తిడి పెరిగి పేలితే గదంతా పాదరసం ఆవిరి. ఇవి కరెంటు పోయి వెంటనే వచ్చినా మళ్లీ వెలిగించకూడదు, అరగంట చల్లారనివ్వాలి. ఎండాకాలంలో కరెంటు కోతల మధ్య ఆ అరగంట ఓపిక పట్టేవాళ్లను చూస్తే గౌరవం కలుగుతుంది. ఇప్పుడు ఎల్‌ఈడీలు వచ్చి ఆ భయం చాలా మటుకు తీరింది.

ఇంత చేస్తే ఏం కనిపిస్తుంది? ఎలుక కణం కేంద్రకంలో నీలి చుక్కలు మెరుస్తాయి, మనిషి కణంలో అలా ఉండవు. ఎలుక డీఎన్‌ఏలో అడినిన్, థైమిన్ ఎక్కువున్న పునరావృత భాగాలు ఒకచోట గుమిగూడడం దానికి కారణం. రెండు రకాల కణాలు కలిసిపోయాయేమోనన్న అనుమానం ఒక్క చూపుతో తీరుతుంది. కేంద్రకం బయట నలకల్లాంటి నీలి చుక్కలు కనిపిస్తే కణాల్లో మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా చేరిందన్నమాట. సీసీఎంబీలో వీణా పర్నైక్ వంటివారు ఏళ్ల తరబడి పరిశోధించిన లామిన్ ప్రొటీన్లు కేంద్రకం పొర లోపల అల్లికగా ఉంటాయి, ఆ అల్లిక దెబ్బతింటే గుండ్రటి నీలం ఉబ్బులు ఉబ్బులుగా వికారమైపోతుంది. ఆ ఉబ్బు నిజంగా కణంలోదా, గాజును నొక్కితే వచ్చిందా అని చెప్పగలిగేది కవర్‌స్లిప్ మూసిన చెయ్యే.

మలేరియా రక్తం స్లయిడ్‌కు ఈ రంగు మరీ బాగా నప్పుతుంది. మన ఎర్రరక్తకణానికి కేంద్రకం లేదు, కాబట్టి ఎర్రకణంలో నీలి చుక్క కనిపించిందంటే అది చాలావరకు పరాన్నజీవిదే. ప్రాణాంతక మలేరియా తెచ్చే ఫాల్సిపరం జాతి జన్యుపదార్థంలో సుమారు 80 శాతం అడినిన్, థైమిన్‌లే, డాపి కోరుకునేవి అవే. బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టగోడలో మలేరియా బీజాలను చూసిన భవనం ఇప్పుడు ఉస్మానియా చేతుల్లోనే ఉంది. ఆయనకు ఈ రంగులేవీ లేవు. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని ఉక్కలో కూర్చుని, కోసిన దోమల్లో నల్లని రేణువులను వెతుక్కున్నారు. ఇవాళ మలేరియా రక్తం స్లయిడ్ మీద రంగు పడడానికి అయిదు నిమిషాలు చాలు.

పని అయ్యాక చూడాల్సింది బల్ల. రంగు కడిగిన ద్రవాలు ఒక సీసాలోకి, పేరు, తేదీ రాసి. సింకులోకి కాదు. ఎథిడియం ద్రవంలో బ్లీచింగ్ పోస్తే రంగు పోతుంది గాని పుట్టే పదార్థాలు కూడా జన్యువులకు చేటైనవే. అందుకే యాక్టివేటెడ్ బొగ్గులో పీల్పించి, బొగ్గును రసాయన వ్యర్థంగా పంపుతారు. గాజుకు 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం నీలి గుర్తు పెట్టె ఉంది, కానీ సైటోటాక్సిక్ పదార్థాలు అంటిన గాజుకు అందులో చోటు లేదు. మన రంగు స్లయిడ్‌ను ఏ పెట్టెలో వేయాలో ముందే విభాగంలో తేల్చుకుని గోడ మీద రాసుకున్న చోట సాయంత్రం ఆరింటికి వాదనలుండవు. ఊడ్చడానికి వచ్చే అమ్మ చెత్తబుట్టలో చెయ్యి పెడితే పగిలిన కవర్‌స్లిప్ గుచ్చుకోదు. ఆవిడకు ఏ రంగు ఏమిటో తెలియనక్కర్లేదు.

ఆఖరున లేబుల్. స్లయిడ్ మసకగాజు కొస మీద పెన్సిల్‌తో రాస్తారు, మార్కర్ ఆల్కహాల్ తగిలితే చెరిగిపోతుంది. కణం పేరు, రంగు, దాని మోతాదు, మీడియంలో ఏముందో, తేదీ. పీపీడీ ఉందని రాసి ఉంటే, మూడేళ్ల తర్వాత డబ్బా తెరిచినవాళ్లు అంచులో గోధుమరంగు చూసి కంగారు పడరు, గ్లవ్స్ వేసుకుని తీస్తారు.